ఉబ్బసమనగానే పాల గ్లాసు లాగేసుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్య పుటలో గత వారం ఒక తల్లి అడిగిన ప్రశ్నను, దానికి వచ్చిన జవాబును చదివిన తరువాత ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఏడేళ్ల తన కుమారుడికి ఆస్తమా ఉన్నదనీ, రాత్రి పాలు తాగి పడుకున్నప్పుడు దగ్గు, పిల్లికూతలు ఎక్కువవుతున్నట్లు అనిపిస్తోందనీ, పాలు మాన్పించవచ్చునా అనీ ఆమె అడిగారు. పాలు, పెరుగు కఫాన్ని పెంచుతాయి గనుక ఆస్తమా ఉన్నవారు వాటికి దూరంగా ఉండడమే మేలని జవాబు వచ్చింది. బాబుకు పాలు పడవని సూచించే లక్షణాలు వేరే ఏమైనా ఉన్నాయా, పీల్చే మందు క్రమం తప్పకుండా వాడుతున్నారా, పాలు తాగని రాత్రుల్లో కూడా దగ్గు వస్తోందా అన్న ప్రశ్నలు ఆ జవాబులో ఎక్కడా లేవు. ఆ పుటను కత్తిరించి వంటింటి అల్మరా తలుపుకు అంటించుకునే ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉంటాయో తెలుసు కాబట్టే ఇంత పొడవున రాస్తున్నాను.

నేను జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని, వైద్యురాలిని కాను. అయితే ఉబ్బసంతో నాది యాభై రెండేళ్ల పరిచయం. తొమ్మిదో ఏట మొదటిసారి ఆయాసం వచ్చిన రాత్రి మా నాయనమ్మ చేసిన మొట్టమొదటి పని నా చేతిలోని పాల గ్లాసు తీసివేయడం. మర్నాటి నుంచి పాలు, పెరుగు, అరటిపండు నాకు నిషిద్ధమయ్యాయి. ఇంట్లో రెండు గేదెలు పాడి ఇస్తుండగా, తమ్ముళ్లిద్దరూ మీగడ పెరుగుతో అన్నం కలుపుకుంటుంటే, నేను చారు అన్నంతోనే విస్తరి మడిచేదాన్ని. ఆయాసం మాత్రం ఆ పథ్యాన్ని ఏమాత్రం లెక్కచేయలేదు. ధనుర్మాసపు చలిలోనూ, నూర్పిళ్ల దుమ్ములోనూ, ఇంటికి సున్నాలు వేయించిన రోజుల్లోనూ తన వేళకు తాను వస్తూనే ఉండేది. అలా పాల చుక్క లేకుండా పదిహేడేళ్లు గడిచాయి. ఆ తరువాత కూడా చాలా కాలం, ఆయాసం ముదిరినప్పుడల్లా మందుల దుకాణం నుంచి తెప్పించుకున్న స్టెరాయిడ్ మాత్రలతోనే నెట్టుకొచ్చాను. యాభై ఆరో ఏట వంటింటి గడప తగిలి పడితే మణికట్టు విరిగింది, ఎముకల సాంద్రత పరీక్ష చేయిస్తే ఎముకలు గుల్లబారాయని తేలింది. అందులో మాత్రల వంతెంత, పాలు లేని ఏళ్ల వంతెంత, వయసు వంతెంత అని విడదీసి చెప్పడం సాధ్యం కాదని డాక్టరుగారు అన్నారు. నేనూ విడదీయలేను. కానీ ఎదిగే వయసులో ఎముకకు అందవలసినదాన్ని ఏ పరీక్షా లేకుండా, ఎవరినీ అడగకుండా ఆపివేశారన్నది మాత్రం నిజం. మా నాయనమ్మ మీద నాకు కోపం లేదు. ఆ రాత్రి ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఇప్పుడు, ఇన్ని సంగతులు తెలిసిన కాలంలో, అచ్చులో అదే మాట చూసినప్పుడు మాత్రం బాధ కలిగింది.

పాలు కఫం చేస్తాయన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు. 12వ శతాబ్దంలో కైరోలో వైద్యం చేసిన మైమొనిడీస్ ఉబ్బసంపై తాను రాసిన గ్రంథంలో పాలను అనుమానంగానే చూశాడు. పాశ్చాత్య దేశాల తల్లులలో నేటికీ ఆ భావన బలంగానే ఉంది. మన ఇళ్లలో దీనికి ఆయుర్వేదం పేరు చెబుతారు. పాలు బరువైనవి, చలవ చేసేవి, శ్లేష్మాన్ని పెంచేవి అని ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడు తన గ్రంథం అష్టాంగహృదయంలో చెప్పిన మాట నిజమే. అయితే అదే అధ్యాయంలో, ఆ వెంటనే, ఆవుపాలు పోగొట్టే బాధలను వరుసగా చెబుతూ శ్రమ, భ్రమలతో పాటు శ్వాసను, కాసను, అంటే ఆయాసాన్ని, దగ్గును కూడా ఆ జాబితాలో చేర్చాడు. మేకపాలు కూడా శ్వాసను జయిస్తాయన్నాడు. గేదెపాలు మాత్రం మరింత బరువనీ, మరింత చల్లనివనీ, జఠరాగ్ని మితిమీరినవారికి, నిద్ర పట్టనివారికి మంచివనీ చెప్పాడు. దీనిని నేను వైద్య నిరూపణగా చూపడం లేదు. పెద్దల మాటగా చలామణీ అవుతున్నది పెద్దల మాటలో సగమేనని గుర్తుచేస్తున్నాను. అంతెందుకు, పాలు కఫం చేస్తాయని పిల్లవాడి చేతిలోంచి గ్లాసు లాక్కున్న ఇంట్లోనే, వాడికి దగ్గు రాగానే మిరియాల పాలో పసుపు పాలో కాచి తాగించడం మనలో ఎవరికి తెలియదు? మిరియం వేసిన తరువాత పాలలోని కఫగుణం ఎటు పోతుందో మా ఇంట్లో అడిగినప్పుడు నాకు జవాబుగా వీపు మీద ఒకటి పడింది.

నమ్మకాన్ని నమ్మకంతో కొట్టివేయడం సరికాదు గనుక, పరీక్షించి చూసినవారు ఏం కనుగొన్నారో చెబుతాను. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగి 1990లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 60 మంది ఆరోగ్యవంతులకు జలుబు కలిగించే వైరస్‌ను కావాలనే సోకించి, వారు రోజూ ఎన్ని గ్లాసుల పాలు తాగుతున్నారో రాయించి, ముక్కు నుంచి వచ్చిన స్రావాన్ని తూకం వేశారు. అసలు పాలు ముట్టనివారి నుంచి రోజుకు పదకొండు గ్లాసులు తాగినవారి దాకా అందులో ఉన్నారు. తాగిన పాలకూ, వచ్చిన చీమిడి బరువుకూ సంబంధం కనిపించలేదు. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, పాలు కఫం చేస్తాయని ముందే నమ్మినవారు తమకు దగ్గు, ముక్కుదిబ్బడ ఎక్కువగా ఉన్నాయని చెప్పుకున్నారు గానీ తూకంలో వారి స్రావం ఇతరులకన్నా ఎక్కువ లేదు. ఆ పరిశోధకులే 1993లో మరో పరీక్ష ప్రచురించారు. చాక్లెట్, పిప్పరమెంటు రుచులు కలిపి, ఏది ఏదో నాలుకకు అంతుపట్టకుండా చేసి, కొందరికి ఆవుపాలు, కొందరికి సోయా పానీయం ఇచ్చారు. గొంతుకు పొర పట్టినట్లుందనీ, లాలాజలం చిక్కబడిందనీ, పదేపదే మింగవలసి వస్తోందనీ పాలు తాగినవారు చెప్పిన మాటలే సోయా తాగినవారూ చెప్పారు.

ఈ రెండూ జలుబుకు, గొంతుకు సంబంధించినవి. ఆస్తమా ఉన్నవారి మీద నేరుగా చేసినది 1998లో వచ్చిన మరో ఆస్ట్రేలియా అధ్యయనం. ఆస్తమా ఉన్న 20 మంది పెద్దవారిని తీసుకున్నారు. వారిలో సగం మంది పాలు తమకు పడవని గట్టిగా నమ్మేవారు, తక్కిన సగం అలాంటి అభిప్రాయం లేనివారు. తాగేవారికి గానీ ఇచ్చేవారికి గానీ తెలియకుండా ఒక రోజు 300 మిల్లీలీటర్ల పాలకు సమానమైన పానీయం, మరో రోజు పాలు లేని పానీయం ఇచ్చి, ఊపిరి ఊదించి శ్వాసనాళాలు ఎంత ముడుచుకున్నాయో కొలిచారు. మొత్తం మీద రెండింటికీ చెప్పుకోదగిన తేడా రాలేదు, నమ్మినవారిలో కూడా రాలేదు. ఇరవై మంది అంటే చిన్న సంఖ్య అన్న సంగతి నాకు తెలుసు. ఇందులో కనిపించలేదు గనుక లోకంలో ఏ ఆస్తమా రోగికీ పాల వల్ల ఏమీ కాదనడం తొందరపాటు అవుతుంది. గొంతులో ఎప్పుడూ చీమిడి పేరుకుంటున్నట్లు బాధపడేవారు పాల పదార్థాలు మానినప్పుడు కొంత తేలికగా ఉందని చెప్పినట్లు 2019లో ఒక అధ్యయనం వచ్చింది. అది వారి వారి అనుభూతిని అడిగి తెలుసుకున్నది, పైగా గొంతుకు సంబంధించినదే తప్ప ఊపిరితిత్తులను కొలిచినది కాదు. అయినా దాచడం న్యాయం కాదని చెబుతున్నాను. ఇన్ని చూసిన తరువాత అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు చెబుతున్నది ఒకే మాట: ఒక ఆహారానికి అలర్జీ ఉందని స్పష్టంగా నిర్ధారణ అయితే తప్ప, ఆస్తమా పేరుతో దానిని మాన్పించకూడదు.

మరి పాలు తాగిన వెంటనే గొంతు చిక్కబడినట్లు అనిపించడం అబద్ధమా? అబద్ధం కాదు. పాలంటే నీటిలో తేలుతున్న సన్నని కొవ్వు బిందువులు. నోట్లో లాలాజలంతో కలిసినప్పుడు ఆ బిందువులు ఒకదానికొకటి అంటుకుని చిన్న చిన్న గుంపులు కడతాయి, ద్రవం చిక్కబడి నాలుక మీద, గొంతు వెనుక కాసేపు పలుచని పొరలా నిలుస్తుంది. లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి పిల్లల శ్వాసకోశ వైద్యుడు ఇయాన్ బాల్ఫర్ లిన్ 2019లో రాసిన వ్యాసంలో తల్లిదండ్రుల ఈ అనుమానాన్ని ఇలాగే వివరించాడు. చిక్కటి గేదెపాలు, మీగడతో సహా తాగినప్పుడు ఈ పొర మనకు మరింత తెలుస్తుంది. రెండు గుక్కల గోరువెచ్చని నీళ్లు తాగితే పోయే ఈ పొరకూ, ఊపిరితిత్తుల నాళాల్లో వాపు వల్ల ఊరే కఫానికీ పొత్తు లేదు. తాగిన పాలు అన్నవాహికలోంచి జీర్ణాశయానికి వెళ్తాయి. ఆస్తమా కఫం శ్వాసనాళాల లోపలి పొరలోనే పుడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ రెండు గొట్టాల బొమ్మ గీసి చూపినప్పుడు వారికి అర్థమయ్యేది. ఇంటికి వెళ్లాక అమ్మమ్మ మాట ముందు నా బొమ్మ నిలబడేది కాదు.

ఆ తల్లి రాసిన ప్రశ్నలో అసలు ఆధారం ఒకటుంది, జవాబు ఇచ్చినవారు దానిని వదిలేశారు. ఆమె చెప్పినది రాత్రి పాలు. ఆస్తమా స్వభావమే అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ముదరడం. శరీరంలో శ్వాసనాళాలను తెరిచి ఉంచే సహజ రసాయనాలు ఆ వేళ తగ్గుతాయి, పరుపులోని, దిండులోని ధూళి పురుగులు ముక్కు పక్కనే ఉంటాయి. మన ఇళ్లలో పిల్లలకు పాలు ఇచ్చేది పడుకోబోయే ముందే. రోజూ పడుకునే ముందు తాగేది, రోజూ పడుకున్నాక వచ్చేది ఒకదాని పక్కన మరొకటి కనిపిస్తే మనసు ముడివేస్తుంది. తాడిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇక్కడ పాలు చేసిన నేరం దగ్గుకు ముందు రావడమే. అదే గ్లాసు సాయంత్రం అయిదింటికి ఇచ్చి రెండు వారాలు చూస్తే ఈ ముడి నిలుస్తుందో వీడుతుందో ఆ తల్లికే తెలిసేది. అలా వేళ మార్చి చూడమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కడుపు నిండా పాలు తాగి వెంటనే వెల్లకిలా పడుకుంటే కొందరిలో కడుపులోని ఆమ్లం పైకి తన్ని గొంతును రేపుతుంది, దాని వల్ల కూడా రాత్రి దగ్గు వస్తుంది. అప్పుడు మార్చవలసింది వేళ, పరిమాణం. పడుకోబెట్టి నోట్లో పాలసీసా పెట్టి వదిలేసే అలవాటు ఉన్న ఇళ్లలో చంటిపిల్లల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇక్కడే మరో మాట. పసివాడికి పిల్లికూతలు వస్తున్నాయని తల్లిపాలు ఆపించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఇక పాలు నిజంగా ప్రాణం మీదికి తెచ్చే సందర్భం ఒకటి ఉంది. నేను పాలను వెనకేసుకొస్తున్నాను గనుక దానిని తేలిక చేయకూడదు. పాలలోని మాంసకృత్తులకు, అంటే కేసిన్‌కు, విరుగుడు తేటలోని ప్రొటీన్లకు, కొందరు పసిపిల్లల శరీరం శత్రువును చూసినట్లు స్పందిస్తుంది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఇది చిన్నపిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది, వారిలో ఎక్కువ మందికి పెరిగే కొద్దీ పోతుంది. దీని తీరు వేరు. పాలు తాగిన కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, పెదవులు, కనురెప్పలు వాస్తాయి, వాంతి అవుతుంది, వాటితో పాటు పిల్లికూతలు, ఆయాసం వస్తాయి. ఊపిరి ఒక్కటే తప్ప మరే లక్షణమూ లేకుండా పాల అలర్జీ రావడం అరుదు. అలాంటి పిల్లలకు ఆస్తమా కూడా ఉంటే ప్రమాదం మరింత పెరుగుతుంది, ఎందుకంటే ఆహార అలర్జీ తీవ్రంగా విరుచుకుపడి ప్రాణం తీసిన సందర్భాల్లో చాలావరకు అదుపులో లేని ఆస్తమా తోడై ఉంటుంది. వారికి పాలు మాన్పించడం సలహా కాదు, తప్పనిసరి. బిస్కెట్లు, కేకులు, పాలపొడి కలిసిన మిఠాయిల పొట్లం మీది అక్షరాలు కూడా చదవవలసిందే. ఆవుపాలు పడకపోతే మేకపాలు పోయమనీ, గేదెపాలకు మార్చమనీ మన దగ్గర చెప్పే సలహా వీరి విషయంలో అపాయకరం, ఎందుకంటే ఆ మాంసకృత్తులు ఒకదానినొకటి ఎంతగానో పోలి ఉంటాయి. మూడు పొంగులు వచ్చేదాకా కాచినా కేసిన్ చెక్కుచెదరదు.

ఈ సందర్భంలోనే చాలా మందికి తెలియని ఒక చిన్న విషయం చెప్పాలి. గుళికలోని మందును పొడి రూపంలో పీల్చే ఇన్‌హేలర్లలో, మన దగ్గర రోటాహేలర్ పేరుతో ఎక్కువగా వాడే వాటిలో, మందుకు తోడుగా లాక్టోజ్ పొడి ఉంటుంది. అది పాల నుంచి తీసిన చక్కెర కాబట్టి పాల మాంసకృత్తులు లేశమాత్రంగా అందులో మిగిలి ఉండవచ్చు. మామూలు రోగులకు దీని వల్ల ఏ భయమూ లేదు. పాల అలర్జీ తీవ్రంగా ఉన్న కొద్దిమందిలో మాత్రం అరుదుగా ప్రతిచర్య వచ్చిన దాఖలాలు ఉన్నాయి గనుక, అలాంటివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి స్ప్రే రకం పంపు రాయించుకోవచ్చు. పాలు మానండి అని అందరికీ చెప్పే జవాబుకన్నా ఈ ఒక్క వాక్యం అచ్చువేసి ఉంటే నిజంగా అవసరమైన ఒకరిద్దరికైనా ఉపయోగపడేది.

అలర్జీ ఉన్నదా లేదా అన్నది తేల్చడానికి పద్ధతి ఉంది. ఏం తింటే ఏమైంది, ఎంతసేపటికి అయింది అన్న వివరమైన చరిత్ర, దానిని బట్టి చర్మం మీద సూదిమొన పరీక్ష లేదా రక్తంలో ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకం) పరీక్ష, అప్పటికీ అనుమానం తీరకపోతే ఆసుపత్రిలో వైద్యుల కళ్లెదుట కొద్దికొద్దిగా పాలు తాగించి చూడడం. పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్లు కాదు. ఇబ్బంది లేకుండా రోజూ పాలు తాగుతున్నవారికి కూడా అలా రావచ్చు. నగరాల్లో తొంభై రకాల ఆహారాలకు ఒక్క రక్తపు చుక్కతో పరీక్ష అంటూ అమ్ముతున్న ఐజీజీ (మరో రకం ప్రతిరక్షకం) ప్యాకేజీల సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ ప్రతిరక్షకాలు మనం ఆ పదార్థం తింటున్నామని మాత్రమే చెబుతాయి. వాటి ఆధారంగా ఆహారం మాన్పించవద్దని ఐరోపా అలర్జీ నిపుణుల సంస్థ 2008లోనే ప్రకటించింది, అమెరికా నిపుణులు దానిని సమర్థించారు. రోజూ పాలు తాగేవారికి ఆ పరీక్ష కాగితంలో పాల పేరు ఎదుట ఎర్ర గుర్తు రావడంలో వింతేముంది?

పాలు తాగితే కడుపు ఉబ్బరం, గుడగుడ, విరేచనం వచ్చేవారిది మరో సంగతి. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము తక్కువగా ఉండడం దానికి కారణం. పెద్దవారిలో ఇది మన దగ్గర చాలా మామూలు. దానికీ ఊపిరికీ సంబంధం లేదు, వారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ హాయిగా సరిపడతాయి. ఉబ్బరం, ఉబ్బసం అన్న మాటల పోలిక ఈ తికమకకు ఎంత దోహదం చేసిందో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

దేశవాళీ ఆవుపాలు తాగితే ఆస్తమా రాదన్న ప్రచారం కూడా ఇటీవల ఎక్కువైంది. ఒంగోలు, గిర్ వంటి మన జాతుల పాలలో ఉండే ఏ2 కేసిన్‌కూ, కొన్ని విదేశీ జాతుల్లో కనిపించే ఏ1 కేసిన్‌కూ తేడా ఉన్నమాట వాస్తవమే. ఏ1 జీర్ణమైనప్పుడు పుట్టే ఒక ముక్క కఫాన్ని పెంచవచ్చునని 2010లో కొందరు ఒక ఊహను ప్రతిపాదించారు. అది నేటికీ ఊహగానే ఉంది. 2024 ఆగస్టులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అన్న గొప్పలు తొలగించమని ఆదేశించి, అయిదు రోజుల్లోనే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. లీటరుకు రెట్టింపు పెట్టి కొనగలిగినవారు కొనుక్కోవచ్చు గానీ దానిని ఉబ్బసానికి మందుగా లెక్కవేసుకోకూడదు. అలాగే, ఐరోపాలో పశువుల మధ్య పెరిగి పచ్చిపాలు తాగిన పల్లె పిల్లల్లో ఆస్తమా తక్కువగా కనిపించిందని 2011లో వచ్చిన పెద్ద అధ్యయనాన్ని పట్టుకుని పచ్చిపాలు తాగమనేవారూ ఉన్నారు. కాచిన పాలకు ఆ సంబంధం కనిపించలేదన్నదీ నిజమే. పచ్చిపాలలో బ్రూసెల్లా, క్షయ క్రిములు రావచ్చు గనుక ఆ పరిశోధకులు కూడా పచ్చిపాలు తాగమని సలహా ఇవ్వలేదు. పాలు కాచి తాగే మన అలవాటు తరతరాల నుంచి వచ్చిన మంచి అలవాటు, దానిని వదలవలసిన అవసరం లేదు.

నష్టం గురించి చెప్పకపోతే పాలు మాన్పిస్తే పోయేదేముందిలే అని ఎవరైనా అనవచ్చు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు తీసుకోవాలని చెబుతున్నారు. అందులో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పెద్దవారికి రోజుకు కావలసిన 1000 మిల్లీగ్రాములలో మూడో వంతు. రాగుల్లో, నువ్వుల్లో, ముళ్లతో సహా తినే చిన్నచేపల్లో కూడా కాల్షియం ఉన్నది నిజమే కానీ, పాలు మాన్పించిన ఇంట్లో వాటిని అంత లెక్కగా పెంచి పెట్టడం నేను ఎక్కడా చూడలేదు. ఆస్తమా ముదిరి పదేపదే స్టెరాయిడ్ మాత్రలు వాడవలసి వచ్చేవారికి ఎముకలు పలచబడే ప్రమాదం అందరికన్నా ఎక్కువ. అంటే కాల్షియం ఎవరికి ఎక్కువ అవసరమో వారి దగ్గరే గ్లాసు తీసివేస్తున్నాం. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఆయాసం ఉన్న గర్భిణి ఆ పాలు వద్దని పక్కింటివారికి ఇచ్చేస్తే నష్టపోయేది ఇద్దరు. ఇలాంటి సలహా పత్రికలో వచ్చినప్పుడు అది ఇంత దూరం వెళ్తుంది.

నాకు అన్నింటికన్నా ఎక్కువ కలత కలిగించేది మాత్రం ఎముకలు కూడా కాదు. పాలు మాన్పించడం తేలిక, రూపాయి ఖర్చు లేదు, పిల్లవాడి కోసం ఏదో చేస్తున్నామన్న తృప్తి మిగులుతుంది. ఆ తృప్తి చాటున పీల్చే మందు అల్మరాలో ఉండిపోతుంది. పంపు అలవాటైపోతుందనీ, గుండె బలహీనపడుతుందనీ, ఆడపిల్లకు పెళ్లి సంబంధాలు రావనీ భయపడి నెలల తరబడి దానిని ముట్టని ఇళ్లు నా విద్యార్థులలోనే ఎన్నో చూశాను. ఆ ఇళ్లన్నింటిలో పాల పథ్యం మాత్రం పకడ్బందీగా సాగేది. ఊపిరితిత్తుల జబ్బుకు మందైనా పథ్యమైనా కడుపులోంచే వెళ్లాలన్న భావన మనలో ఎంత లోతుగా నాటుకున్నదో, మృగశిర కార్తె నాడు నాంపల్లి మైదానంలో చేప ప్రసాదం కోసం నిలబడే వరుసలు చూస్తే తెలుస్తుంది. ఆస్తమా మాత్రం శ్వాసనాళాల్లోని వాపు. ఆ వాపును తగ్గించే మందు నేరుగా అక్కడికే చేరే దారి పీల్చడం. కేవలం ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలిరంగు పంపుతో సరిపెట్టుకోవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో సుమారు 13 శాతం మన దేశంలో ఉండగా, ఆస్తమా మరణాల్లో మాత్రం 40 శాతానికి పైగా మన దేశంలోనే సంభవిస్తున్నాయని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. ఈ రెండు అంకెల మధ్య అంతరంలో పాల పాత్ర లేదు, వాడని మందు పాత్ర చాలా ఉంది.

ఆ తల్లికి నేను చెప్పగలిగినది కొద్దిగా ఉంది. బాబు పాలు తాగిన వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి ఎప్పుడైనా వచ్చి ఉంటే ఈరోజే పాలు ఆపి అలర్జీ నిపుణులను కలవండి, ఇంట్లో మళ్లీ ఇచ్చి చూసే ప్రయోగం చేయవద్దు. అలాంటిదేమీ లేకపోతే పాలు సాయంత్రానికి మార్చండి. రెండు మూడు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో పాలు ఎప్పుడు తాగాడు, రాత్రి ఎన్నిసార్లు దగ్గాడు, వాపును అదుపులో ఉంచే నియంత్రణ మందు పీల్చాడా లేదా, ఆ రోజు ఇంట్లో దోమల చుట్ట గానీ అగరుబత్తి గానీ వెలిగించారా, దుప్పట్లు దులిపారా అన్నవి రాయండి. డాక్టరుగారు చెబితే ఊపిరి ఎంత వేగంగా ఊదగలడో కొలిచే పీక్ ఫ్లో మీటరు ఒకటి కొని పొద్దున, రాత్రి ఊదించి ఆ అంకె కూడా పక్కన రాయండి. ఆ పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. అన్నీ సరిగా వాడుతున్నా, పాలు తాగిన రోజుల్లోనే పదేపదే తేడా కనిపిస్తే, కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టి చూసే పరీక్షను ఆయన పర్యవేక్షణలో చేయవచ్చు. నిజంగా తేడా ఉందని తేలితే మానవచ్చు, అప్పుడు కాల్షియానికి ప్రత్యామ్నాయం కూడా ఆయనే చెబుతారు.

సంపాదకులను కోరేది ఒక్కటే. వచ్చే వారం అదే పుటలో, అదే చోట, గత జవాబుకు సవరణను అదే పరిమాణంలో ప్రచురించండి. వీలైతే ఒక శ్వాసకోశ వైద్య నిపుణుడి చేత రాయించండి. నా ఉత్తరం పొడవైనదని తోస్తే తక్కినదంతా కత్తిరించినా సరే, పాల అలర్జీ లక్షణాలు, పొడి ఇన్‌హేలర్‌లో లాక్టోజ్ సంగతి మాత్రం ఉంచమని మనవి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా